పని తగ్గితే మనుషుల్ని తగ్గించాల్సిందేనా? ఆటోనగర్ షెడ్డు నుంచి ఒక ప్రశ్న

గాజువాక_ఫ్యాబ్

ఆటోనగర్‌లో మాకు ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది, విశాఖలో. ఇనుమును కోసి, వెల్డింగ్ చేసి కావలసిన ఆకారంలో తయారుచేసే పని. స్ట్రక్చరల్స్, డక్టులు, పైప్ స్పూల్స్ (ముందే వెల్డింగ్ చేసి సిద్ధంగా ఉంచే పైపు భాగాలు) చేస్తాం, ఎక్కువ భాగం పెద్ద ప్లాంట్ల షట్‌డౌన్ పనులకే. మొత్తం 36 మంది. 22 మంది మా మస్టర్ మీద, 14 మంది కాంట్రాక్టర్ ద్వారా. పని బాగున్నప్పుడు నెలకు 60 టన్నులు బయటికి వెళ్లేవి, ఇప్పుడు 35 దాటితే గొప్ప. ఒక పెద్ద ఆర్డరు మాట నడుస్తోంది కానీ అది చేతికి రావడానికి ఆరు నెలలైనా పట్టేలా ఉంది.

లోన్ లిమిట్ రెన్యువల్‌కి బ్యాంకు ఒక కన్సల్టెంటు చేత రిపోర్టు రాయించుకుంది. ఆయన 60ని 36తో భాగించి, ఆ లెక్కన 35 టన్నులకు 21 మంది చాలు, 15 మంది అదనం అని తేల్చారు. కార్మిక ఉత్పాదకత బాగా పడిపోయిందని కూడా రాశారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఆ 15 మంది పేర్లు రాద్దామని కూర్చుంటే చెయ్యి రావడం లేదు. అలాగని జీతాల రోజు ఆగదు కదా.

మనుషుల్ని తీసేస్తేనే ఫ్యాక్టరీ సమర్థంగా నడుస్తున్నట్టా? ఇలాంటి దశ దాటినవాళ్లు చెప్పండి. ధైర్యం చెప్పడం కాదు, లెక్క కావాలి.

ప్రొడక్షన్‌హెడ్_78

చేదుగా ఉంటుంది కానీ తగ్గించండి. జీతాలు నెల మొదటి వారంలో పోతాయి, కస్టమరు డబ్బులు మూడు నెలలకు వస్తాయి. మధ్యలో ఆ గ్యాప్‌ని ఎవరు పూడుస్తారు? షెడ్డుకే తాళం పడితే 36 మందీ రోడ్డు మీదే. 21 మందినైనా నిలబెట్టుకోవడం తప్పు కాదు.

మల్కాపురం_రిగ్గర్

15 మంది అన్నారు, కాంట్రాక్టు వాళ్లు 14 మంది. ఇంక పేర్లు రాయక్కర్లేదు, అందరికీ తెలిసినవే. ఎప్పుడూ అక్కడి నుంచే మొదలవుతుంది.

ఐఈ_దువ్వాడ

నేను ఇండస్ట్రియల్ ఇంజినీరుని, మనుషుల గంటలు కొలవడమే నా పని. టన్నులను మనుషులతో భాగించడం ఫ్యాబ్రికేషన్‌లో చాలా మొరటు కొలత అండీ. మందపాటి ప్లేటుతో బేస్ ఫ్రేమ్ చేసిన నెలలో టన్నులు ఇట్టే ఎక్కుతాయి. అదే నెలంతా హ్యాండ్‌రెయిళ్లు, నిచ్చెనలు, చిన్న సైజు స్పూల్స్ చేస్తే టన్నుకు పట్టే గంటలు ఎన్నో రెట్లు పెరుగుతాయి. మనిషి అంతే కష్టపడతాడు, తూకం మాత్రం రాదు. అందుకే పైపింగ్ వాళ్లు టన్నుల్లో కాకుండా ఇంచ్-డయాలో, అంటే వెల్డింగ్ చేసిన ప్రతి అతుకు దగ్గర పైపు వ్యాసం ఎన్ని అంగుళాలో కూడి లెక్క వేస్తారు. మీ కన్సల్టెంటు మంచి రోజుల్లో చేసిన సరుకునీ ఇప్పటి సరుకునీ ఒకే తక్కెడలో పెట్టారేమో ముందు అది చూడండి.

రెండోది. ఒక వారం పాటు ప్రతి మనిషి గంటలు ఎటు పోతున్నాయో రాయించండి. మార్కింగ్, కటింగ్, ఫిట్‌అప్, వెల్డింగ్, గ్రైండింగ్ వేరు వేరుగా. దాంతోపాటు క్రేన్ కోసం ఎదురుచూపు, డ్రాయింగ్ కోసం ఎదురుచూపు, మెటీరియల్ రాక ఖాళీ, చేసిందే మళ్లీ చేయడం, ఇవి కూడా. చేత్తో వెల్డింగ్ చేసే చోట్ల షిఫ్టులో ఆర్క్ వెలిగి ఉండే సమయం, అంటే నిజంగా వెల్డింగ్ జరిగే సమయం, మూడో వంతు దాటడం అరుదు. మిగతా సమయం ఎటు పోతోందో తెలియకుండా మనుషుల్ని తగ్గిస్తే ఎదురుచూపులు అలాగే ఉంటాయి, పనిచేసే చేతులు మాత్రం తగ్గుతాయి.

గాజువాక_ఫ్యాబ్

దువ్వాడ గారు చెప్పాక జాబ్ కార్డులు తీశాను. నిజమే, ఈమధ్య వచ్చినవన్నీ ప్లాట్‌ఫారాలు, హ్యాండ్‌రెయిళ్లే. అంటే 15 అన్న అంకె నిజం కాకపోవచ్చు. కానీ పని తగ్గిన మాట కూడా నిజమే, షెడ్డులో ఖాళీగా నిలబడ్డవాళ్లు నాకు కనిపిస్తున్నారు.

సింధియా_టర్నర్

నలభై ఏళ్లు లేత్ మీద నిలబడ్డవాడిని, నా మాట వినండి. వేసవిలో పొలం ఖాళీగా ఉందని ఎడ్లను అమ్మేసుకుంటే తొలకరికి అరక కట్టేదెవరు? మంచి ఫిట్టరు ఒకసారి దాహెజో జామ్‌నగరో గల్ఫో వెళ్లిపోతే మళ్లీ ఆటోనగర్‌కి రాడు. వచ్చినా మీరిచ్చే జీతానికి రాడు.

మల్కాపురం_రిగ్గర్

బాబాయ్, మీ మాట అర్థమైంది కానీ మమ్మల్ని ఎడ్లతో పోల్చకండి. ఎడ్లకు ఇంటి అద్దె ఉండదు, పిల్లల స్కూలు ఫీజు ఉండదు.

సింధియా_టర్నర్

నిజమే నాయనా, వెనక్కి తీసుకుంటున్నా.

ప్రొడక్షన్‌హెడ్_78

పని తెలిసినవాళ్లను నిలుపుకోవాలని నాకూ ఉంటుంది. కానీ చిన్న యూనిట్‌ని చంపేది లేబరు కాదు, రావలసిన బాకీలు. చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చిన్న పరిశ్రమకు డబ్బు కట్టాలి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలోనే ఉంది. కట్టకపోతే కొన్నవాడికి ఆ ఏడాది ఆ ఖర్చు ఆదాయపు పన్నులో మినహాయించుకునే వీలు లేకుండా 2024 ఏప్రిల్ నుంచి నిబంధన కూడా పెట్టారు. అయినా మూడు నెలలు తిప్పేవాళ్లు తిప్పుతూనే ఉన్నారు. గట్టిగా అడిగితే మరుసటి ఆర్డరు వేరేవాడికి పోతుంది. ఆ డబ్బు టైముకి వస్తే మీరు ఈ ప్రశ్నే అడిగేవారు కాదు. రావలసినవి ఎంతున్నాయి మీకు?

గాజువాక_ఫ్యాబ్

దాదాపు మూడు నెలల జీతాలంత.

ప్రొడక్షన్‌హెడ్_78

చూశారా.

లెక్కల_మేడం

ఆర్థికశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

గాజువాక గారి షెడ్డులో జరిగింది ప్రతి మాంద్యంలోనూ జరిగేదే. ఉత్పత్తి పడిపోయినంత వేగంగా ఉద్యోగాలు పడిపోవు. దాంతో మందకొడి రోజుల్లో తలసరి ఉత్పత్తి పాడైనట్టు కనిపిస్తుంది, ఆర్డర్లు తిరిగి రాగానే అదే మనుషులతో గబగబా ఎక్కుతుంది. ఉత్పత్తి పడిన స్థాయిలో నిరుద్యోగం పెరగదని 1962లో ఆర్థర్ ఓకన్ లెక్కగట్టి చూపించాడు. సరిగ్గా అదే ఏడాది వాల్టర్ ఓయ్ దానికి ఒక కారణం చెప్పాడు. మనిషిని వెతకడానికి, తీసుకోవడానికి, నేర్పడానికి పెట్టిన ఖర్చు అప్పటికే పెట్టేసిన పెట్టుబడి. తీసేసిన రోజున అది పోతుంది, మళ్లీ తీసుకున్న రోజున మళ్లీ పెట్టాలి. అందుకే నైపుణ్యం ఎక్కువున్న వాళ్లను కంపెనీలు పట్టి ఉంచుకుంటాయి, నైపుణ్యం తక్కువ అనుకున్నవాళ్లను ముందు వదిలేస్తాయి. దీన్ని లేబర్ హోర్డింగ్ అంటారు. మీ కన్సల్టెంటు అసమర్థత అని రాసింది చాలావరకు ఇదే.

ఇంకో ఉదాహరణ. 2009లో జర్మనీ జీడీపీ 5 శాతానికి పైగా పడిపోయింది, అయినా నిరుద్యోగం దాదాపు పెరగలేదు. అక్కడ కుర్జ్‌అర్‌బైట్ అనే పద్ధతి ఉంది. కంపెనీ మనిషిని తీసేయకుండా గంటలు తగ్గిస్తుంది, అతను పోగొట్టుకున్న నికర జీతంలో 60 శాతం, పిల్లలున్న వాళ్లకైతే 67 శాతం ఉపాధి బీమా నిధి ఇస్తుంది. 2009లో ఒక దశలో 14 లక్షల మందికి పైగా దీని కింద ఉన్నారు, 2020 ఏప్రిల్‌లో ఆ సంఖ్య 60 లక్షల దాకా వెళ్లింది.

మన దగ్గర సర్దుబాటు ఇంకో దారిలో జరిగింది. వార్షిక పరిశ్రమల సర్వే చూడండి. 2000 ప్రాంతంలో ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టు వాళ్లు ఐదో వంతు. 2023-24కి 42 శాతం. అంటే గంటలను కాదు, మనిషినే వదిలేయడానికి వీలుగా పెట్టుకుంటున్నాం.

ప్రొడక్షన్‌హెడ్_78

జర్మనీలో ఆ 60 శాతం నిధి ఇస్తుంది మేడం. ఇక్కడ గాజువాక గారి జేబు ఇస్తుంది. ఆ తేడా చిన్నది కాదు.

లెక్కల_మేడం

ఒప్పుకుంటాను. ఆ భారం ఒక్క యజమాని మీదే ఉండకూడదనే నేనూ అంటున్నాను. కానీ ఇప్పుడు అది ఒక్క కార్మికుడి మీదే ఉంది. దాన్ని మాత్రం సమర్థత అని పిలవకండి.

అచ్యుతాపురం_కుట్టు

మా బట్టల లైన్ల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. అక్కడ ప్రతిదీ నిమిషాల్లోనే. ఒక షర్టుకు ఇన్ని ప్రామాణిక నిమిషాలు అని ముందే కడతారు, దాన్ని శామ్ అంటాం. గంట గంటకూ బోర్డు మీద ముక్కల సంఖ్య రాస్తారు. ఎఫిషియెన్సీ పడితే లైన్ మొత్తానికీ మాటలు పడతాయి. స్టైల్ మారిన మొదటి రోజు ఎవరికైనా చెయ్యి తిరగదు, నాలుగైదు రోజులకు గానీ లైన్ అందుకోదు. బయ్యర్లు చిన్న చిన్న ఆర్డర్లు ఇవ్వడం మొదలుపెట్టాక లైన్ అందుకునేలోపే స్టైల్ మారిపోతోంది. అది మా తప్పు ఎలా అవుతుంది?

ఇక మనుషుల్ని తగ్గించడం గురించి. నేను ఇంతకుముందు చేసిన ఒక కంపెనీలో ఎవరినీ తీసేసినట్టు కాగితం మీద ఉండేది కాదు. ఆర్డర్లు తగ్గగానే దూరపు ఊళ్ల బస్సు రూట్లు కలిపేసేవారు. మా అమ్మాయిలు తెల్లవారుజామున నాలుగింటికి లేచి రెండు కిలోమీటర్లు నడిచి బస్సు ఎక్కాల్సి వచ్చేది. వాళ్లంతట వాళ్లే మానేసేవారు. రాజీనామా వాళ్లదే, కాబట్టి పరిహారం లేదు. పెళ్లయిన పిల్లలూ చంటిబిడ్డలున్న వాళ్లూ ముందు పోయేవారు. మూడు నెలలు తిరిగేసరికి ఆర్డర్లు వచ్చేవి, కొత్త పిల్లలను తెచ్చి మళ్లీ సూది పట్టడం దగ్గర నుంచి నేర్పేవాళ్లం. ఆ నేర్పే నెలల్లో పాడైన బట్టంతా ఎవరి లెక్కలో రాశారో నాకు ఇప్పటికీ తెలీదు.

ఐఈ_దువ్వాడ

కుట్టు మేడం చెప్పిన శామ్ లెక్క తెలియని వాళ్లకోసం. 30 మంది ఆపరేటర్లు, 480 నిమిషాల షిఫ్టు, మొత్తం 14,400 నిమిషాలు. షర్టుకు 15 నిమిషాలు, రోజుకు 480 షర్టులు వస్తే అయిన పని 7,200 నిమిషాలు. అంటే ఎఫిషియెన్సీ 50 శాతం. మిగతా 50 శాతంలో అమ్మాయిల చేతివేగం వాటా ఎంత, కటింగ్ నుంచి ముక్కలు రాకపోవడం, మెషిన్ బ్రేక్‌డౌన్, లైన్ బ్యాలెన్స్ లేకపోవడం (పని అందరికీ సమంగా పంచకపోవడం) వాటా ఎంత అని విడదీస్తే, మేనేజ్‌మెంట్ చేతిలో ఉన్నవే ఎక్కువ తేలుతుంటాయి. నేను చూసిన ప్రతిచోటా అంతే.

భీమిలి_రొయ్య

రొయ్యల ప్రాసెసింగ్‌లో అయితే బస్సు రూటు కలిపే శ్రమ కూడా లేదు. తల తీసి ఒలిచే ఆడవాళ్లకు చాలాచోట్ల కిలోకి ఇంత అని లెక్క. సరుకు రాని రోజు కూలి లేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, ఎగుమతిదారులు ధర గురించి బయ్యర్లతో ఇంకా మాట్లాడుతుండగానే, ఇక్కడ ఒలిచేవాళ్లకు పిలుపులు తగ్గాయి. ఆర్డరు తగ్గిన దెబ్బ ముందు తగిలేది గొలుసులో అందరికన్నా కింద ఉన్నవాళ్లకే.

పరవాడ_సిషిఫ్ట్

ఫార్మా నుంచి ఒక మాట. ఇంతసేపూ ఉత్పత్తి తగ్గితే మనుషులు తగ్గొచ్చు అన్నట్టే చర్చ నడుస్తోంది. కెమికల్ ప్లాంటులో ఆ సంబంధమే ఉండదు. రియాక్టరు పూర్తిగా నడిచినా సగం బ్యాచులే నడిచినా దాన్ని కనిపెట్టి ఉండే మనుషులు అంతే కావాలి. పూర్తిగా ఆగినా కొందరు ఉండి తీరాలి. 2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలో, ఎల్‌జీ పాలిమర్స్‌లో ఏమైంది? లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగి ఉంది. ఉత్పత్తి సున్నా. ట్యాంకులో ఉన్న స్టైరీన్ అనే రసాయనం మాత్రం ఆగలేదు, లోపల వేడెక్కి ఆవిరై ఊరి మీదికి వచ్చింది. 12 మంది పోయారు. కారణాలు చాలా ఉన్నాయి, ఉష్ణోగ్రత సరిగ్గా చూడకపోవడం, వేడెక్కకుండా ఆపే రసాయనం తగినంత లేకపోవడం లాంటివి హైపవర్ కమిటీ రాసింది. నేను చెప్పేది ఒక్కటే. ఉత్పత్తిని మనుషులతో భాగించే లెక్కలో ఆ రోజు ఆ ట్యాంకు దగ్గర నిలబడాల్సిన మనిషి విలువ సున్నా అని వస్తుంది.

మా దగ్గర ఒక్కో షిఫ్టులో ఒక ఆపరేటరు రెండు ఫ్లోర్లు చూస్తున్నాడు. ఇద్దరి పని ఒక్కడు చేస్తున్నాడు కాబట్టి చార్టులో ఉత్పాదకత రెట్టింపు. నాకు మాత్రం రాత్రి రెండు గంటలకు కింది ఫ్లోర్‌లో అలారం మోగితే పై ఫ్లోర్‌లో సెంట్రిఫ్యూజ్ వదిలి దిగాలా వద్దా అనే భయం.

ఎన్ఏడీ_కుర్రోడు

సి షిఫ్టులో, రాత్రి డ్యూటీలో ఉండి ఇంత పొడుగు పోస్టు రాశారంటే అలారం ఎవరు చూస్తున్నారు గురూ?

పరవాడ_సిషిఫ్ట్

ఈ రోజు వీక్లీ ఆఫ్ తమ్ముడూ. డ్యూటీలో ఫోన్ గేటు దగ్గరే పెట్టేస్తాం.

ప్రొడక్షన్‌హెడ్_78

పరవాడ గారి మాటకు ఎదురు చెప్పను, భద్రత దగ్గర కోత పెట్టకూడదు. కానీ అసలు సమస్య ఎవరూ ఎత్తడం లేదు. మన చట్టాల్లో ఒకసారి పర్మనెంట్ చేస్తే పని లేకపోయినా తీయలేం. అందుకే ఎవరూ పర్మనెంట్ చేయరు. చట్టం సడలిస్తే కాంట్రాక్టు దానంతట అదే తగ్గుతుంది.

లేబర్‌లా_వైజాగ్

ఈ మాట చాలాసార్లు వింటాను కాబట్టి వివరంగా రాస్తున్నా. ప్రభుత్వ అనుమతి లేకుండా తీయకూడదు అన్న నిబంధన 1976లో వచ్చింది, మొదట 300 మంది పైన ఉన్న ఫ్యాక్టరీలకు. 1982 సవరణతో ఆ గీత 100కి దిగింది. ఇప్పుడు కొత్త కార్మిక చట్టాల్లో ఒకటైన ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌తో మళ్లీ 300కి వెళ్లింది. నాలుగు కార్మిక కోడ్‌లూ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. గాజువాక గారి దగ్గర 36 మంది. ఆయనకు పాత చట్టంలోనూ అనుమతి అక్కర్లేదు, కొత్తదాంట్లోనూ అక్కర్లేదు. ఆటోనగర్‌లో చిన్న షెడ్లన్నిటిదీ అదే పరిస్థితి. అయినా అక్కడా కాంట్రాక్టు పెరిగింది. కాబట్టి చట్టం ఒక్కటే కారణం కాదు.

ఆయనకు వర్తించేవి ఇవి. ఏడాది నిండిన మనిషిని, అంటే 12 నెలల్లో 240 రోజులు చేసినవాణ్ని, తీసేయాలంటే ఒక నెల నోటీసు లేదా నెల జీతం, సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం పరిహారం. అదే పనిలో ఆఖర్న చేరినవాడు ముందు వెళ్లాలి. మళ్లీ తీసుకునేటప్పుడు తీసేసినవాళ్లకు ముందు కబురు పెట్టాలి. లేఆఫ్‌లో, అంటే పని లేక తాత్కాలికంగా కూర్చోబెట్టినప్పుడు, సగం జీతం ఇవ్వాలన్న నిబంధన 50 మంది పైన ఉన్న చోట్లకే, కాబట్టి ఆయన షెడ్డుకు రాదు.

మనుషుల్ని ఉంచి రోజులు తగ్గించాలంటే చడీచప్పుడు లేకుండా తగ్గించకండి. పని గంటలు, జీతం మార్చేటప్పుడు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా కార్మికులతో కూర్చుని రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. రెండోదే మంచిది.

లెక్కల_మేడం

లాయరుగారి మాటకు ఒక చేర్పు. కార్మికుల వైపు చట్టాలు మార్చిన రాష్ట్రాల్లో పరిశ్రమ వెనకబడిందని 2004లో బెస్లీ, బర్జెస్ అనే ఇద్దరు లండన్ ఆర్థికవేత్తల అధ్యయనం బాగా పేరు పొందింది. అందులో ఆంధ్రప్రదేశ్‌ని యజమానుల వైపు మొగ్గిన రాష్ట్రంగానే లెక్కేశారు. తర్వాత ఆదిత్య భట్టాచార్జియా ఆ వర్గీకరణ పద్ధతినే ప్రశ్నించారు, ఒక్క సవరణను బట్టి రాష్ట్రం మొత్తానికి ప్లస్సో మైనస్సో వేయడం ఏమిటని. పైగా 2003లోనే మన రాష్ట్రం కాంట్రాక్టు లేబర్ చట్టాన్ని సవరించి, ప్రధానం కాని పనులకు కాంట్రాక్టు దారి తెరిచింది. సడలింపు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. కాంట్రాక్టు తగ్గిందా మరి?

ప్రొడక్షన్‌హెడ్_78

తగ్గలేదు, ఒప్పుకుంటున్నా. జీతంలో తేడా ఉన్నంతకాలం తగ్గదు కూడా. పక్క షెడ్డువాడు సగం జీతానికి కాంట్రాక్టు వెల్డర్‌ని పెట్టి కొటేషన్ వేస్తే నేను పర్మనెంటు మనిషితో ఎలా పోటీ పడాలి? అది ఒక్కడు మార్చగలిగేది కాదు.

టెస్ట్_6జి

మాది పలాస దగ్గర. ఇప్పుడు సింగపూర్ యార్డులో వెల్డర్‌ని, ఇంతకుముందు ఆటోనగర్‌లోనే చేశాను. గాజువాక అన్నకు ఒక్కటి చెప్పాలి. పైప్ స్పూల్స్ చేస్తున్నారంటే క్వాలిఫై అయిన వెల్డర్లు ఉండే ఉంటారు. వెల్డింగ్ కోడ్ ప్రకారం ఆ ప్రాసెస్‌లో ఆరు నెలలు వెల్డింగ్ చేయకపోతే క్వాలిఫికేషన్ పోతుంది, మళ్లీ టెస్ట్ కూపన్ (పరీక్షకు నమూనా ముక్క) వేయాలి, ఎక్స్‌రే తీయించాలి. మీ ఆర్డరు కూడా ఆరు నెలలకే అంటున్నారు. పని తక్కువున్నా సరే అందరు వెల్డర్లకూ టిగ్, ఆర్క్ రెండు రకాల వెల్డింగూ పంచండి, రికార్డు రాసి పెట్టండి. ఒక్కడికే పనంతా ఇచ్చి మిగతావాళ్లను గ్రైండింగ్‌కి పంపకండి. నన్ను అలా పంపారనే నేను వెళ్లిపోయాను.

గాజువాక_ఫ్యాబ్

ఇది నా బుర్రకు తట్టనే లేదు తమ్ముడూ. రేపే కంటిన్యూటీ లాగ్ (ఎవరు ఎప్పుడు ఏ వెల్డింగ్ చేశారో రాసే పుస్తకం) తీస్తా.

ఐఈ_దువ్వాడ

దీనికి తోడు ఇంకోటి. 2008లో అమెరికాలో పెద్ద ట్రక్కుల అమ్మకాలు పడిపోయినప్పుడు టయోటా తన టెక్సస్, ఇండియానా ప్లాంట్లలో ట్రక్కుల లైన్లను మూడు నెలల పాటు ఆపింది. తన మనుషుల్ని తీసేయలేదు. ట్రైనింగు, భద్రత, లైన్‌లో లోపాలు వెతకడం మీద పెట్టింది. పెద్ద కంపెనీ, డబ్బున్న కంపెనీ, నిజమే. కానీ ఖాళీ గంటతో ఏం చేయించొచ్చు అన్నది చిన్న షెడ్డుకీ పనికొస్తుంది. జిగ్‌లు, ఫిక్చర్లు (ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచే సాధనాలు) చేయించండి. క్రేన్ కోసం నిలబడే సమయం సగం తగ్గినా వచ్చే ఆర్డరులో మీకు ఓవర్‌టైమ్ మిగులుతుంది.

మల్కాపురం_రిగ్గర్

అందరూ వెల్డర్ గురించి, ఫిట్టర్ గురించి మాట్లాడుతున్నారు. రిగ్గరు, ఖలాసీ, హెల్పరు ఎవరి లెక్కలోనూ లేరు. మేడం చెప్పారు కదా, నైపుణ్యం తక్కువ అనుకున్నవాళ్లను ముందు వదిలేస్తారని. అనుకోవడం అన్న మాట దగ్గరే నా బాధంతా. పది టన్నుల డక్టుని పాత షెడ్డులో రెండు ట్రస్సుల మధ్య నుంచి తిప్పి దింపడం ఏ సర్టిఫికెట్టులోనూ ఉండదు. స్లింగ్ ఎక్కడ కడితే బరువు సమంగా ఉంటుందో చూపుతో చెప్పే మనిషిని హెల్పర్ అని రాసుకుంటారు, హెల్పర్ రేటు ఇస్తారు.

నేను పనిచేసే చోట కాంట్రాక్టరు మారాడు, మళ్లీ మారాడు, మనుషులం మాత్రం మేమే. ప్రతిసారీ కొత్త గేట్ పాస్, కొత్త చేరిక. సర్వీసు మొదటి నుంచి మొదలు. అదే గేటు, అదే క్రేన్, అదే ఇంజినీరు. ఆ ప్లాంటు వాళ్ల రిపోర్టులో తలసరి ఉత్పత్తి ఏటా పెరుగుతోంది, ఎందుకంటే ఆ తలల్లో మా తలలు లేవు. గేటు దాటి లోపలికి వెళ్లే అందరినీ లెక్కలో కలిపి అప్పుడు భాగించమనండి. అప్పుడు ఎంత వస్తుందో అది ఉత్పాదకత.

సింధియా_టర్నర్

రిగ్గర్ చెప్పింది అక్షరాలా నిజం. దీనికి ఇంకో కొస ఉంది. మన పెద్ద ప్రభుత్వ ప్లాంట్లలో 80ల చివర, 90ల మొదట్లో ఒక్కసారిగా భర్తీ చేశారు. ఉక్కు ఫ్యాక్టరీకి 1971లో శంకుస్థాపన అయితే జాతికి అంకితం అయింది 1992లో, మధ్యలో ఎంతమంది కుర్రాళ్లు చేరారో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. వాళ్లంతా ఇప్పుడు దాదాపు ఒకేసారి రిటైరవుతున్నారు. మధ్యలో నింపకుండా ఆపేస్తే, యాభై ఎనిమిదేళ్ల మనిషి పక్కన నేర్చుకునే ముప్పై ఏళ్ల మనిషి ఉండడు. భర్తీ ఆపడం కూడా మనుషుల్ని తీసేయడమే, కాకపోతే ఎవరికీ నోటీసు వెళ్లదు.

లెక్కల_మేడం

రిగ్గర్ గారి పోస్టు మా క్లాసులో చదివి వినిపిస్తాను, అభ్యంతరం లేకపోతే. జాతీయ సర్వేలో కాంట్రాక్టు వాళ్లను కూడా కార్మికుల్లో లెక్కేస్తారు, కంపెనీలు తమ గురించి వేసుకునే అంకెల్లోనే వదిలేయడం జరుగుతుంది. ఇంకోటి కూడా చూడాలి. వ్యవస్థీకృత పరిశ్రమలో నికర అదనపు విలువలో, అంటే ముడిసరుకు, తరుగుదల లాంటి ఖర్చులు పోగా మిగిలిన విలువలో, కార్మికుల వేతనాల వాటా 80ల మొదట్లో సుమారు 30 శాతం, 2000ల చివరికి 10 శాతం దగ్గరికి వచ్చింది. ఉత్పాదకత పెరిగిన మాట నిజమే. అందులో వాటా ఎవరికి చేరిందన్నది ఆ అంకె చెబుతుంది.

మల్కాపురం_రిగ్గర్

చదవండి మేడం. పేరు అక్కర్లేదు.

గాజువాక_ఫ్యాబ్

అందరి మాటలూ చదివాక మా ఇంట్లోనూ షెడ్డులోనూ కూర్చుని మాట్లాడాను. ప్రస్తుతానికి ఎవరినీ తీయడం లేదు. మొత్తం 36 మందికీ, కాంట్రాక్టు వాళ్లతో కలిపి, వారానికి ఒక రోజు తగ్గిద్దామని అడిగాను. మా మస్టర్ వాళ్లలో నలుగురికి నచ్చలేదు, కాంట్రాక్టు వాళ్ల కోసం మా జీతం ఎందుకు తగ్గాలి అన్నారు. వాళ్లది అన్యాయమైన ప్రశ్న కాదు. అందుకే మొదటి రెండు నెలలు ఆ తగ్గిన రోజు జీతంలో సగం నేను భరిస్తానన్నాను. ఒప్పందం కాగితం లాయరు చేత రాయిస్తున్నా. వెల్డర్లకు పని పంచుతాం. రావలసిన బాకీల్లో 45 రోజులు దాటినవాటికి రాతపూర్వకంగా నోటీసు పంపిస్తున్నా, ఆ కస్టమరు పోతే పోనీ. రెండు నెలల తర్వాత కూడా టన్నులు పెరగకపోతే అప్పుడు మళ్లీ ఆలోచించాల్సిందే, అది దాచను.

ప్రొడక్షన్‌హెడ్_78

సగం రోజు జీతం మీరు భరించడం నాకు ఇప్పటికీ నచ్చలేదు, రెండు నెలలంటే రెండు నెలలే అని గట్టిగా రాసుకోండి. మా దగ్గర కొన్ని హాపర్లు, చూట్‌లు జాబ్‌వర్క్‌కి ఇవ్వాల్సినవి ఉన్నాయి. పెద్దవేమీ కాదు. డ్రాయింగులు పంపిస్తా, రేటు చెప్పండి. డబ్బు 30 రోజుల్లో.

గాజువాక_ఫ్యాబ్

పంపండి సార్. రేపు సాయంత్రానికి రేటు ఇస్తా.

అచ్యుతాపురం_కుట్టు

ఆ తగ్గించే రోజు వారం మధ్యలో కాకుండా ఆదివారం పక్కన పెట్టండి అన్నా. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు ఇంటికి వెళ్లి రావడానికి వీలవుతుంది.

ఐఈ_దువ్వాడ

గంటలు రాసుకునే షీటు ఒకటి తెలుగులో తయారు చేశాను, ఒక పేజీయే. గాజువాక గారూ, మీకు పంపించాను. ఖాళీ కారణం దగ్గర మనిషి పేరు రాయకండి, కారణం మాత్రమే రాయించండి. పేరు రాస్తే ఎవరూ నిజం రాయరు.

మల్కాపురం_రిగ్గర్

లాయరుగారూ, నాదో ప్రశ్న. కాంట్రాక్టరు మారినప్పుడు పాతవాడు చివరి రెండు నెలల పీఎఫ్ కట్టలేదు. ఫోన్ ఎత్తడు. ప్లాంటు వాళ్లను అడిగితే మాకు సంబంధం లేదంటున్నారు. ఏం చేయాలి?

లేబర్‌లా_వైజాగ్

సంబంధం ఉంది. కాంట్రాక్టరు కట్టకపోతే పీఎఫ్ కట్టాల్సిన బాధ్యత పని చేయించుకున్న ప్రధాన యజమానిదే, తర్వాత ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు బిల్లుల్లోంచి పట్టుకోవచ్చు. జీతం ఎగ్గొట్టినా అంతే. ముందు మీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పాస్‌బుక్ తీసి ఏ నెలలు జమ కాలేదో చూడండి. గేట్ పాస్ కాపీ, జీతం బ్యాంకులో పడిన స్టేట్‌మెంటు, మీతో చేసినవాళ్ల పేర్లు పెట్టి ప్లాంటుకు ఒక లేఖ రాయండి, రసీదు తీసుకోండి. దాని కాపీతో పీఎఫ్ ఆఫీసుకు ఫిర్యాదు పెట్టండి, ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. ఒక్కరే కాకుండా మీ బ్యాచ్ అంతా కలిసి పెడితే త్వరగా కదులుతుంది. కొత్త కాంట్రాక్టరు ఇంకో యూఏఎన్ తీస్తానంటే ఒప్పుకోకండి, పాత నంబరే ఇవ్వండి. లేఖ ఎలా రాయాలో ఇక్కడే పెడతాను, సాయంత్రం చూడండి.